చిత్తూరు శివారు పందుల కోత యూనిట్: మిషన్‌కి వంక లేదు, మిషన్ దాకా నడిపించే తీరుకే ఉంది

చిత్తూరు చుట్టుపక్కల సీమపందులు మేపేవాళ్లకి ఇన్నాళ్లూ దారి ఒకటే. బేరగాడు వస్తాడు, లైవ్ వెయిట్ కట్టి తోలుకుపోతాడు. ఆ తర్వాత అది ఎక్కడ చచ్చిందో ఎట్లా చచ్చిందో ఎవరికీ పట్టదు. కాళ్లు కట్టి మూతికి తాడు బిగించి గుండెలో ఇనప ఊచ దించడమో, నెత్తిన సమ్మెటతో కొట్టడమో. అట్లాంటి చోట కరెంటుతో స్పృహ తప్పించి కోసే యూనిట్ బాడుగకి దొరుకుతోందంటే కబురు పలమనేరు దాకా పాకడంలో వింత లేదు. పంది మనది, కోత వాళ్లది, తలకి 500 కూలి. తలకాయ, కాళ్లు, పేగులు మనకే.

యూనిట్ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే తప్పుల్లో చాలావరకు వారం రోజుల్లో దిద్దుకోగలిగినవి. పేరు పెట్టి రచ్చకెక్కిస్తే గేటు మూస్తారు, పందులు మళ్లీ ఊచ కిందకే పోతాయి.

ముందు మిషన్ సంగతి, ఎందుకంటే అది నిజంగా బాగుంది. గోడకి బిగించిన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె, దాని మీద ఆంపియర్ల మీటరు, తలకి షాక్ తగిలించే పొడుగాటి పిడుల పట్టుకారు, మూడు సెకన్లు నిండగానే మోగే బజర్. పంది తలకి షాక్ ఇస్తే కనీసం 1.25 ఆంపియర్లు అందాలని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ప్రమాణం. యూరప్‌లో 2009 నాటి నిబంధన 1.30 అడుగుతుంది. ఇక్కడ శుభ్రంగా ఉన్న పట్టుకారుతో, తడిపిన తల మీద పెడితే మీటరు ముల్లు 1.3 దాటింది. మన ప్రాంతంలో ‘షాక్ మిషన్’ అని అమ్మే 70, 80 వోల్టుల పెట్టెలతో పోలిస్తే ఇది నూరుపాళ్లు మేలు. అంత తక్కువ వోల్టేజికి పంది బొచ్చు, మందపాటి తోలు దాటి మెదడుకి చేరాల్సిన కరెంటు చేరదు. పంది పడిపోతుంది, స్పృహ మాత్రం ఉంటుంది. 240 వోల్టులకి తగ్గకుండా ఉంటేనే మొదటి సెకనులో పని అవుతుంది.

మిషన్‌లో ఉన్న తెలివి పట్టుకునే చేతిలో ఉందా అంటే, ఆరో పంది దాకా ఉంది. ఆరేడు పందులయ్యేసరికి పట్టుకారు పళ్ల మీద కాలిన బొచ్చు, కొవ్వు, మసి పేరుకుంటాయి. ముల్లు 1.3 నుంచి 1.0కి, ఆ కిందకి జారుతుంది. బజర్ మాత్రం ఎప్పటిలాగే మోగుతుంది, అది సెకన్లు లెక్కపెడుతుందే కానీ ఆంపియర్లు చూడదు. పనివాళ్లు బజర్‌నే నమ్ముతున్నారు. మీటరేమో వాళ్ల వీపు వైపు గోడకి ఉంది. అయిదు పందులకోసారి ఇనప బ్రష్‌తో పళ్లు గీకాలి. బ్రష్ ఖరీదు వంద రూపాయలు కూడా ఉండదు. మీటరుని ఎదుటి గోడకి మారిస్తే ఇంకా మేలు.

పెట్టే చోటు ఇంకో పేచీ. పట్టుకారు పళ్లు కంటికీ చెవికీ మధ్యన, తలకి రెండు పక్కలా పడాలి. మెదడు ఆ రెంటి మధ్యలో ఉంటుంది కనుక. వెనక నుంచి వచ్చేవాడికి మెడ మీద పెట్టడం సులువు, అందుకే చెవుల వెనకాల పెట్టేస్తున్నారు. మెడ మీద పెడితే కరెంటు కండరాల్లో పోతుంది, పంది కొయ్యలా బిగుసుకుని పక్కకి ఒరుగుతుంది. చూసేవాడికి అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. తేడా తెలియాలంటే వెంటనే ఊపిరి చూడాలి. సరిగ్గా స్పృహ తప్పిన పందికి లయగా ఊపిరి ఆడదు. ముందు పది ఇరవై సెకన్లు ఒళ్లంతా బిగుస్తుంది, ముందు కాళ్లు చాపేస్తుంది, ఆ తర్వాత పదిహేను నుంచి నలభై అయిదు సెకన్లు కాళ్లు తన్నుకుంటుంది. తన్నుకోవడం చూసి ‘ఇంకా బతికే ఉంది’ అని కొందరు రెండోసారి షాక్ కొడుతున్నారు. తన్నుకోవడం భయపడాల్సింది కాదు. పొట్ట పక్కన డొక్క లయగా లేచి పడుతుంటే భయపడాలి.

పట్టుకారు తగలకముందే మీట నొక్కే అలవాటు ఒకటి కనబడింది. తోలు మీద పళ్లు జారుతూ ఆనేలోపే షాక్ మొదలవుతుంది, పంది కీచుమంటుంది. ఆ కీచు షెడ్డు బయటికి వినిపిస్తే అర్థం అదే, వేరే పరీక్ష అక్కర్లేదు. అమెరికా పశు శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ తయారుచేసిన, అక్కడి మాంసం కంపెనీలు వాడే తనిఖీ లెక్కలో ఇట్లా పళ్లు ఆనేటప్పుడు అరిచే పందులు నూటికి ఒకటి దాటకూడదు. పట్టుకారు సరైన చోట పడాల్సినవి 99. పట్టాలకి వేలాడే వాటిలో స్పృహ ఉన్నవి సున్నా. సున్నా అంటే సున్నానే, ఆ గడిలో సడలింపు లేదు.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. తలకే షాక్ ఇచ్చిన పందికి స్పృహ తిరిగి వస్తుంది. అర నిమిషం నుంచి నిమిషంలోపు. కాబట్టి పట్టుకారు తీసిన 15 సెకన్లలో కత్తి పడాలి. కత్తి సరిగ్గా పడ్డా మెదడు ఆగడానికి సుమారు 20 సెకన్లు పడుతుంది, ఆ సమయం కూడా లెక్కలో ఉంది. ఇక్కడ వరస చూడండి. ఒకే మనిషి పట్టుకారు తగిలిస్తాడు, పంది పడగానే పట్టుకారుని కొక్కేనికి వేలాడదీస్తాడు, వంగి వెనక కాలికి గొలుసు చుడతాడు, చేతి చెయిన్ పుల్లీ లాగి లాగి పందిని పైకెత్తుతాడు, అప్పుడు గట్టు మీద ఉన్న కత్తి కోసం వెళతాడు. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే తక్కువలో తక్కువ 35 సెకన్లు. ఓ తొంభై కిలోల పందికి గొలుసు జారి మళ్లీ చుట్టాల్సి రావడంతో 50 దాటింది. అది తలకిందులుగా వేలాడుతుండగానే డొక్క ఎగరడం మొదలైంది. ముందు ఒకసారి, కాసేపాగి ఇంకోసారి, తర్వాత వరసగా. కనురెప్ప దానంతట అదే ఆడింది. తల పైకి ఎత్తడానికి వీపు విల్లులా వంగింది. కత్తి పట్టుకున్నవాడు దాన్ని ‘నరాలు’ అన్నాడు. నరాలు కావు. ఒళ్లు నిలబెట్టుకోవాలని చూసే పందికి స్పృహ వచ్చిందనే అర్థం.

దీన్ని సరిచేయడానికి కొత్త మిషన్ అక్కర్లేదు. ఎత్తి కోయడం మాని, కోసి ఎత్తాలి. పంది పడిన చోటే, పక్కకి ఒరిగి ఉండగానే పోటు వేయాలి. ఆ తర్వాత తీరిగ్గా గొలుసు కట్టి ఎత్తుకోవచ్చు. నెత్తురు నేల మీద పోతుంది, కడగాలి, అంతే. ఆ నెత్తురు అమ్ముకోవాలనే ఆశతోనే ఎత్తి కింద బకెట్టు పెడుతున్నారని మా అనుమానం. వాలుగా సిమెంటు కాలవ పోస్తే పడుకోబెట్టి కోసినా నెత్తురు ఒక చోటికే చేరుతుంది. అది కూడా కుదరదంటే రెండో దారి ఉంది. తల మీద మూడు సెకన్లు అయ్యాక అదే పట్టుకారుని వెంటనే ముందు కాలి వెనక, రొమ్ముకి రెండు పక్కలా పెట్టి ఇంకోసారి షాక్ ఇస్తే గుండె ఆగుతుంది. మన ఇళ్లకొచ్చే 50 హెర్ట్జ్ కరెంటు దానికి సరిపోతుంది. గుండె ఆగిన పంది తిరిగి లేవదు. నెత్తురు కారడం తగ్గుతుందని భయపడతారు కానీ పోటు సరైన చోట పడితే అట్లా ఏమీ ఉండదు.

పోటు గురించి ఒక మాట. మెడ మధ్య గీతలో, రొమ్ము ఎముక మొదలుకి కొంచెం ముందు కత్తి మొన దించి, తోక మొదలు వైపు మొన తిప్పి తోయాలి. గుండె నుంచి పైకి వచ్చే పెద్ద రక్తనాళాలు అక్కడే చీలుతాయి. తెగితే నెత్తురు పిడికిలంత ధారగా దూకుతుంది. ఇక్కడి పాత మనిషి పోటు అచ్చం అట్లాగే ఉంది, చూడముచ్చటగా ఉందనడానికి నోరు రాదు కానీ పనితనం పనితనమే. కొత్త కుర్రాడు మాత్రం పక్కకి దించుతున్నాడు, మొన భుజం కండలోకి పోతోంది. ధార సన్నగా వస్తుంది, పంది చావడానికి ఎక్కువసేపు పడుతుంది, ముందు కాలి మాంసంలో నెత్తురు గడ్డ కట్టి ఆ ముక్క పారేయాల్సి వస్తుంది. కత్తి మొన మొద్దుబారినా ఇదే జరుగుతుంది. అయిదారు అంగుళాల కత్తులు రెండుండాలి, ఒకటి చేతిలో, ఒకటి సానరాయి పక్కన.

ఇక వెనక్కి, బండి దగ్గరికి. పందుల్ని టాటా ఏస్‌లో తెస్తారు. ట్రే ఏడడుగుల పొడుగు, అయిదడుగుల లోపు వెడల్పు, అంటే మూడు చదరపు మీటర్ల చోటు. మోటారు వాహనాల నిబంధనల్లో పందికి 0.6 చదరపు మీటరు. అంటే అయిదు పందులు. వచ్చే బండ్లలో ఎనిమిది, తొమ్మిది. ఈ తప్పు యూనిట్‌ది కాదు, పెంచేవాళ్లది, బాడుగ మిగుల్చుకునే లెక్క. కానీ దింపే ర్యాంపు యూనిట్‌దే, అది నిటారుగా ఉంది. పందికి 20 డిగ్రీల వాలు దాటకూడదు. ట్రే ఎత్తు రెండున్నర అడుగులైతే ర్యాంపు కనీసం ఏడున్నర అడుగులుండాలి. ఇక్కడున్నది నాలుగడుగుల రేకు, దాని మీద అడ్డపట్టీలు లేవు. పైనుంచి తోస్తే పందులు ముట్టె మీద పడుతున్నాయి. చెక్క పలకకి జానెడు జానెడు దూరంలో పట్టీలు కొట్టి, పైన గోనెసంచి పరిస్తే అవే దిగుతాయి.

దొడ్లు రెండు. నీళ్ల తొట్టి ఒకదానిలోనే. కోత అనగానే ముందు రోజు సాయంత్రం నుంచి మేత ఆపేయాలి, 12 నుంచి 18 గంటలు. నీళ్లు మాత్రం చివరి నిమిషం దాకా ఉండాలి. నిండు కడుపుతో వచ్చిన పంది పేగు కోతలో చిట్లితే మాంసమంతా పాడు. దిగాక రెండు నుంచి నాలుగు గంటలు పడుకోనివ్వాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇది మరీ ముఖ్యం. పందికి చెమట పట్టి ఒళ్లు చల్లబడే వీలు దాదాపు లేదు. నోరు తెరిచి రొప్పుతుంటే పైన నీళ్లు చల్లాలి. ఇక్కడ దొడ్డి పైన పైపుకి చిల్లులు వేసి జల్లు పెట్టారు, భేషుగ్గా పనిచేస్తోంది, ఆ సంగతి ఒప్పుకోవాలి. అయితే బంగారుపాళెం బండి పందుల్నీ, యాదమరి బండి పందుల్నీ ఒకే దొడ్లో కలిపేస్తున్నారు. తెలియని పందులు కలిస్తే పెద్దరికం తేల్చుకునేదాకా కొరుక్కుంటాయి. చెవులు చీలతాయి, భుజాలు గీరుకుంటాయి, విశ్రాంతి మాట దేవుడెరుగు. ఒక దొడ్డికి మధ్యలో రేకు అడ్డం పెట్టి మూడు దొడ్లు చేస్తే ఈ గొడవ సగం తీరుతుంది.

జంతుహింస నివారణ చట్టం కింద 2001లో వచ్చిన వధశాలల నిబంధనలు చోటు గురించి కూడా లెక్క చెప్పాయి. దొడ్లో చిన్న జీవానికి 1.6 చదరపు మీటర్లు, పెద్దదానికి 2.8. పందిని చిన్న జీవం కిందే లెక్కేసినా ఆదివారాల్లో ఇక్కడున్నది అందులో సగం. అదే నిబంధనల్లో పశువైద్యుడు గంటకి 12 జీవాలకి మించి చూడకూడదని, రోజుకి 96 దాటకూడదని ఉంది. అంటే ముప్పై పందుల్ని చూడటానికి రెండున్నర గంటలు. ఇక్కడ పశువైద్యుడి కాగితం ఎంతసేపట్లో వస్తుందో చూసి మీరే లెక్కేసుకోండి. చూడితో ఉన్నదాన్ని, మూడు నెలలు నిండని పిల్లని కోయకూడదనేది కూడా అందులోనే ఉంది. పంది చూడి 114 రోజులు, మొదటి రెండు నెలలు పైకి పెద్దగా తెలియదు. ఏరేసిన ఆడపందిని పంపేవాళ్లు మగదాన్ని దాటించిన తేదీ చీటీ మీద రాసి పంపితే చాలు.

దొడ్డి నుంచి పట్టుకారు దాకా ఉన్న సందు ముప్పై అడుగులు. ఎక్కువ హింస జరుగుతున్నది ఆ ముప్పై అడుగుల్లోనే, అదీ ఎవరికీ కోపం లేకుండానే. సందు మొదట్లో నేల మీద ఇనప జాలీ కాలవ. పంది అక్కడ ఆగుతుంది. దాని కళ్లు తలకి పక్కల ఉంటాయి, చుట్టూ దాదాపు అంతా కనబడుతుంది కానీ కాళ్ల ముందున్న గీత కాలవో గొయ్యో తేల్చుకోవడానికి ఆగి, ముట్టె దించి వాసన చూడాలి. ఆ రెండు క్షణాలు ఇవ్వరు. వెనకున్నవాడు పైపుతో కొడతాడు. ముందుది వెనక్కి తిరుగుతుంది, వెనకది దాని మీద పడుతుంది, సందు బిగుసుకుపోతుంది. అప్పుడు చెవి పట్టి, తోక పట్టి ఈడుస్తారు. ఒకదానికి కాలు బెణికి లేవలేకపోతే గచ్చు మీద బరబరా లాక్కొచ్చారు. స్పృహలో ఉన్న, నడవలేని పందిని ఈడవడం అమెరికా వ్యవసాయ శాఖ నిబంధనల్లో సూటిగా నిషేధం. పైపులు, మొన ఉన్న వస్తువులు వాడటం నిషేధం. కరెంటు కర్ర వాడితే 50 వోల్టులు దాటకూడదు, మామూలు నడక కంటే వేగంగా తోలకూడదు. అక్కడి వధ చట్టానికి 1978లో సవరణ వచ్చాక తనిఖీ అధికారి ఇట్లాంటిది చూస్తే అక్కడికక్కడే పని ఆపించగలడు. మన దగ్గర 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లో కొట్టడం, హింసించడం నేరమే. సందులో నిలబడి చూసే మనిషే లేడు.

జాలీ మీద ఒక రబ్బరు చాప పరవండి, పందులు ఆగవు. సందు చివర చీకటిగా ఉంది, పంది వెలుతురు వైపు నడుస్తుంది కానీ చీకట్లోకి పోదు. అక్కడ ఒక బల్బు పెట్టాలి, దాని కాంతి కళ్లలో పడకుండా గోడ మీద పడాలి. పైపు పారేసి ప్లైవుడ్ పలక పట్టుకోవాలి, నడుము ఎత్తు, రెండడుగుల వెడల్పు, పైన చెయ్యి పట్టడానికి కోసిన రంధ్రం. పలక గోడలా కనబడుతుంది, పంది దానికి ఎదురు రాదు. ఒకేసారి పదిహేను కాదు, అయిదారుని తోలాలి. భుజం వెనక నిలబడితే ముందుకి పోతుంది, భుజం ముందు నిలబడితే వెనక్కి వస్తుంది. ఇంత చిన్న సంగతి.

ఒక జీవం కళ్ల ముందు ఇంకోదాన్ని కోయకూడదనేది కూడా 2001 నిబంధనే. ఇక్కడ అడ్డుగోడ నాలుగడుగులు. వేలాడే పంది ఆ పైనే ఉంటుంది. ఒక తెర కట్టారు, తుడుచుకోవడానికి దాన్నే వాడుతున్నారు.

ఉడుకునీళ్ల తొట్టి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. 60 నుంచి 62 డిగ్రీలు, అయిదారు నిమిషాలు. అంతకంటే వేడైతే తోలు ఉడికి బొచ్చు పట్టేస్తుంది. వేలు ముంచి చూడటం మాని థర్మామీటరు కొనాలి. తొట్టిలోకి దించేముందు కంటి నల్లగుడ్డు మీద వేలితో తాకాలి. రెప్ప కదిలితే దించకూడదు. ఊపిరి ఉన్న పంది తొట్టిలోకి పోవడాన్ని అమెరికాలో ఘోర ఉల్లంఘనల్లో లెక్కేస్తారు. ఇక్కడ పోటుకీ తొట్టికీ మధ్య మూడు నిమిషాలు గడుస్తున్నాయి కనుక అట్లాంటిది కనబడలేదు. ఆదివారం రద్దీలో ఆ మూడు నిమిషాలు తగ్గించొద్దని అడిగి మరీ చెప్పండి.

మాంసం దగ్గర ఇదంతా బయటపడుతుంది. బొచ్చు గీకిన తెల్ల తోలు మీద రెండు సమాంతర ఎర్ర గీతలు కనబడితే అది పైపు దెబ్బ. కొట్టిన చోట మధ్యలో నెత్తురు పక్కలకి తప్పుకుని ఆ గీతలు పడతాయి. తొడ మాంసంలో ఆవగింజల్లాంటి నెత్తురు చుక్కలుంటే షాక్‌కీ పోటుకీ మధ్య ఆలస్యమైందని అనుమానించాలి. ఇక అన్నిటికంటే డబ్బు పోయేది పాలిపోయిన మాంసంతో. చివరి పది నిమిషాల్లో బెదిరి, పరిగెత్తి, పెనుగులాడిన పంది కండల్లో ఆమ్లం వేగంగా పుడుతుంది. ఒళ్లు ఇంకా వేడిగా ఉండగానే, ముప్పావు గంటలో పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే అంకె) 6 కిందకి పడిపోతే మాంసం తెల్లబారి, మెత్తబడి నీళ్లు వదులుతుంది. అట్లాంటి కిలో ముక్కలు బాణట్లో వేస్తే వేపుడు కాదు, ముందు పులుసు అవుతుంది. నీళ్లన్నీ ఇగిరేసరికి ముక్క ఎండి పీచుగా మిగులుతుంది. కొట్టువాడు పందిది తప్పంటాడు, పెంచినవాడు దాణాది తప్పంటాడు. తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ నుంచి టి-17 రకం పంది పిల్లలు తెచ్చి నెలల తరబడి మేపినవాడి కష్టం ఆ ముప్పై అడుగుల సందులో నీళ్లపాలవుతుంది.

పందులు పంపేవాళ్లకి: శని, ఆదివారాలు వద్దు. తెల్లారుజామున మూడింటికి మొదలెట్టి ఏడింటికల్లా కొట్లకి చేర్చాలనే తొందరలో పైన చెప్పిన తప్పులన్నీ ఒకేసారి జరుగుతున్నాయి. మంగళ, బుధవారాల్లో ఎనిమిది పది పందులే ఉంటాయి, పాత మనిషే కత్తి పడతాడు. కరెంటు పోతే జనరేటర్ ఎక్కడానికి రెండు మూడు నిమిషాలు పడుతోంది, ఆ సమయంలో సందులో పందుల్ని నిలబెట్టొద్దని, దొడ్లోనే ఉంచమని ముందే చెప్పండి. నేల మీదే పోటు వేయమని అడిగితే బుధవారం ఒప్పుకున్నారు, గొణుక్కుంటూనే. ఆ రోజు స్టాప్‌వాచ్ 12 సెకన్లు చూపించింది. కూలి అదే 500, నేల కడగడానికి అదనంగా ఏమీ అడగలేదు.